ఆ కొండ మీది మనిషి ఎవరు? డిజిటల్ బొమ్మలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊహాలోకపు కొండలు, అడవులు, కోటలు కంప్యూటర్‌లో గీసేవాళ్ళు మన హైదరాబాద్ నగరంలో చాలామందే ఉన్నారు. దృశ్యం బాగా కుదురుతుంది, అందులో మనిషిని పెట్టగానే బొమ్మ చెడుతుంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ దీని గురించే. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేక్‌హ్యూమన్‌లో (త్రీడీ మనుషుల్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఐదుగురిని తయారుచేశాను. స్లైడర్లు (ముఖాన్ని, ఒంటిని మార్చే జారుడు మీటలు) ఎన్ని జరిపినా ఐదుగురూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నారు. జుట్టు, బట్టలు, ఒంటి రంగు మార్చి చూశాను. లాభం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?
— మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: స్లైడర్లు అన్నీ తలా కాస్త జరిపారు, అదే పొరపాటు. ఈ సాఫ్ట్‌వేర్లలో మొదట కనిపించే ముఖం ఒక సగటు ముఖం. నలభై స్లైడర్లను పదేసి శాతం అటూ ఇటూ జరిపితే ఒకటి పెంచినదాన్ని ఇంకొకటి తగ్గించి, ముఖం తిరిగి ఆ సగటు దగ్గరికే చేరుతుంది. రెండే రెండు ఎముకలు ఎంచుకుని వాటిని గట్టిగా జరపండి, మిగతావి ముట్టుకోకండి. ఒకరికి దవడ మూల వెడల్పు, ముక్కు దూలం ఎత్తు. ఇంకొకరికి చెంప ఎముకలు ముందుకు, గడ్డం వెనక్కి. మరొకరికి కనుబొమల ఎముక బరువుగా, నుదురు వెనక్కి వాలి ఉండాలి. మనిషిని గుర్తుపట్టించేది ఎముకే. పెదవులు, రెప్పలు ఆ తర్వాతి పని.

ఎముకల పని చేసేటప్పుడు జుట్టు, కనుబొమల వెంట్రుకలు, చర్మం రంగు అన్నీ తీసేసి, బూడిదరంగు మట్టిబొమ్మలా పెట్టుకోండి. తర్వాత ఐదుగురినీ పక్కనుంచి చూపించి, నల్లరంగు నింపి, ఒక్కొక్కరిని 200 పిక్సెళ్ళ ఎత్తుకు తగ్గించి వరసగా పేర్చండి. ఆ నల్లటి అంచు చూసి ఎవరెవరో ఇంట్లోవాళ్ళు చెప్పగలిగితే పని అయినట్టు. చెప్పలేకపోతే ఎంత మంచి టెక్స్చర్ (బొమ్మ ఒంటి మీద పరిచే చర్మం, బట్టల చిత్రం) వేసినా వృథా.

కనుగుడ్డును మాత్రం పెంచకండి. పెద్దవాళ్ళలో దాని వ్యాసం దాదాపు 24 మిల్లీమీటర్లు, మనిషి మనిషికీ పెద్ద తేడా ఉండదు. కళ్ళు పెద్దవిగా కనిపించాలంటే రెప్పల మధ్య సందు పెంచాలి. గుడ్డునే పెంచితే బొమ్మకళ్ళు పడతాయి. రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఒకరికి 58, ఒకరికి 68 పెడితే ముఖం పూర్తిగా మారిపోతుంది. స్లైడర్ ముఖాలన్నిటికీ ఎడమ కుడి సమానంగా ఉండటం కూడా ఒక దోషమే. చివర్లో ఒక కనుబొమ 2 మిల్లీమీటర్లు పైకి, ముక్కు కొన 1 మిల్లీమీటరు పక్కకి, నోటి ఒక మూల కాస్త కిందికి జరపండి. కనుగుడ్లను అలా జరిపితే మెల్లకన్ను వస్తుంది, జాగ్రత్త.

స్లైడర్లు చాలక బ్లెండర్‌లో (త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్) స్కల్ప్ట్ చేసేటప్పుడు, అంటే మట్టిలా చెక్కేటప్పుడు, కొత్త షేప్ కీ (మార్పును విడిగా దాచే పొర) పెట్టుకుని దానిమీదే చేయండి. రీమెష్, డైన్‌టోపో ఆన్ చేయకండి. వాటితో బిందువుల సంఖ్య, వరస మారిపోతాయి. బొమ్మను కదిలించే ఎముకల బంధాలు, టెక్స్చర్ పటం ఆ వరస మీదే ఆధారపడతాయి కనుక చెయ్యి ఎత్తితే చంక చిరిగిపోతుంది. డాజ్ (మనుషుల త్రీడీ బొమ్మలిచ్చే మరో సాఫ్ట్‌వేర్) బొమ్మను బయటికి తీసి మార్చి మళ్ళీ లోపలికి తెచ్చేటప్పుడు కూడా ఇదే కారణంగా సబ్‌డివిజన్ (బొమ్మ పైపొర గళ్ళను ఇంకా చిన్నవిగా చీల్చే అమరిక) సున్నాలో పెట్టి తీయాలి.

ఇంకో మాట. ఆ మనిషి రోజూ ఏ పని చేస్తాడో ముందు రాసుకోండి. ఆకాశంలో తేలే తాటివనం గీశారనుకుందాం. అందులో చెట్టెక్కే మనిషి ఎలా ఉంటాడు? మన గీత కార్మికుల్ని చూడండి. నడుము చుట్టూ మోకు, ఆ మోకు మీద ఒళ్ళంతా వెనక్కి వాల్చి నిలబడతారు. ముంజేతులు బలంగా ఉంటాయి, పొట్ట ఉండదు. మీ బొమ్మలో పాదం వెడల్పుగా, బొటనవేలు మిగతా వేళ్ళకి కాస్త ఎడంగా పెట్టండి. నడుము దగ్గర బట్ట మోకు రాసుకుని అరిగిపోయి ఉండాలి. మోకాలి లోపలివైపు చర్మం మందంగా, రంగు తేడాగా ఉండాలి. ఈ నాలుగూ పెట్టాక ముఖం ఎలా ఉన్నా అతను ఇంకెవరిలాగా ఉండడు. చేతిలో మెరిసే కత్తి, భుజాన రెక్కలు పెట్టినంతమాత్రాన కొత్త మనిషి పుట్టడు.

ఒంటి రంగు సంగతి కూడా అడిగారు కనుక చెబుతున్నాం. తెల్లటి చర్మపు టెక్స్చర్‌ను మల్టిప్లై చేసి నల్లబరిస్తే బూడిద పూసినట్టు అవుతుంది. చామనఛాయలో వెలుగు నుంచి నీడకు మారే అంచున ఎరుపు, ముదురు నారింజ ఉండాలి. అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళ కింద లేతగా వదలాలి. ముదురు చర్మానికి నిగారింపే ప్రాణం. రఫ్‌నెస్ (గరుకుదనం, ఇది తగ్గితే మెరుపు పెరుగుతుంది) నుదుటి మీద, ముక్కు మీద 0.35 దగ్గర, చెంపల మీద 0.5 దగ్గర పెట్టి చూడండి. బ్లెండర్ 4 నుంచి సబ్‌సర్ఫేస్ స్కేల్ మామూలుగా 0.05 మీటర్లు, అంటే ఎరుపు వెలుగు 5 సెంటీమీటర్ల దాకా చర్మంలో పాకుతుంది. ముఖం కొవ్వొత్తిలా కనిపించేది అందుకే. దాన్ని 0.005 దగ్గరికి తగ్గించండి.

ప్రశ్న: ఖాజాగూడ గుట్టల దగ్గర తీసిన ఫొటోల మీద బండలు ఇంకా పెంచి ఒక రాక్షసుల లోయ తయారుచేశాను. మనిషిని పెడితే కత్తిరించి అతికించినట్టుంది. నీడ కూడా వేశాను.
— టోలిచౌకి పాఠకురాలు

జవాబు: నీడకంటే ముందు దిగ్మండల రేఖ, అంటే నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత చూసుకోవాలి. కెమెరా నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున ఉంటే, చదును నేలమీద నిలబడ్డ సమానమైన ఎత్తు మనుషులందరి కళ్ళూ దగ్గరున్నా దూరమున్నా ఆ రేఖ మీదే పడతాయి. మీరు బండ మీద కూర్చుని ఫొటో తీసి ఉంటే కెమెరా ఒక మీటరు ఎత్తులోనే ఉంటుంది, అప్పుడు రేఖ మనిషి నడుము దగ్గర తగలాలి. ఫొటోలో ఆ రేఖ బండల వెనక దాగి ఉంటే, దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ల అంతస్తుల గీతలు పొడిగించి ఎక్కడ కలుస్తాయో చూడండి, రేఖ ఆ ఎత్తులోనే ఉంటుంది. మనిషి సైజు కంటికి తోచినట్టు పెంచి తగ్గించడం మానేస్తే సగం అతుకు అక్కడే పోతుంది.

బండలకు ఇంకో చిక్కుంది. మన దక్కన్ గ్రానైట్ గుండు గుప్పెడంత ఉన్నా, ఇల్లంత ఉన్నా ఒకేలా కనిపిస్తుంది. ఎంత పెద్దదో చెప్పే గుర్తు దాని మీద ఉండదు. మనిషికీ బండకీ మధ్య చూసేవాళ్ళకు తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. పగుల్లో మొలిచిన సీతాఫలం మొక్క, చెక్కిన మెట్లు, కట్టేసిన మేక, ఏదైనా సరే. బండ ఎంత ఎత్తో మీకే అంచనా దొరకకపోతే 18 మీటర్ల స్తంభం ఒకటి పక్కన నిలబెట్టి చూడండి. హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఎత్తు సుమారు అంతే, 1.7 మీటర్ల మనుషులు పదిమంది ఒకరి నెత్తిన ఒకరు నిలబడ్డంత. మీ రాక్షసుడి గుండు దానికంటే పెద్దదా, చిన్నదా? ఈ పోలిక మన ఊరివాళ్ళ కంటికి వెంటనే అందుతుంది.

ఇక వెలుతురు. ఫొటో ఏ నెలలో, ఏ వేళ తీశారో చూడండి. మే 10కి అటూ ఇటూగా, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు స్తంభానికి నీడే పడదు. అలాంటి ఎండలో తీసిన గుట్టల మీద, పక్కనుంచి వెలుగు పడే ముఖం పెడితే ఎంత నీడ వేసినా అతకదు. నడినెత్తి ఎండలో కళ్ళ గుంటలు నల్లగా, ముక్కు నీడ పెదవి మీద, గడ్డం నీడ మెడ మీద పడాలి. డిసెంబరు చివర్లో అదే మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. వేళ గుర్తులేకపోతే ఫొటోలోనే కొలవండి. నీడ పొడవు వస్తువు ఎత్తుతో సమానమైతే 45 డిగ్రీలు, రెట్టింపైతే 26 లేదా 27 డిగ్రీలు. బ్లెండర్ సూర్యుణ్ణి ఆ కోణానికే తిప్పండి. ఆ తర్వాత కిందినుంచి వచ్చే వెలుగు. ఎండ తగిలిన గ్రానైట్ లేత గులాబీ, బూడిద కలిసిన వెలుగును పైకి కొడుతుంది. అది గడ్డం కింద, చేతుల అడుగున, బట్ట మడతల్లో కనిపించాలి. మనిషిని విడిగా రెండర్ చేసేటప్పుడు (త్రీడీ బొమ్మ నుంచి తుది చిత్రం తీసేటప్పుడు) కింద అదే రంగు నేల ఒకటి పరిచి రెండర్ చేస్తే ఇది దానంతటదే వస్తుంది.

పాదాల దగ్గర మూడు పనులున్నాయి. మట్టి అయితే పాదాన్ని 3 నుంచి 5 మిల్లీమీటర్లు లోపలికి దించాలి. బండ అయితే దించకూడదు, చీలమండ దగ్గర వాలుకు తగ్గట్టు వంచాలి. అరికాలు నేలను తాకేచోట సన్నటి, చాలా ముదురు నీడ ఒకటి పెద్ద నీడతో కలపకుండా విడిగా వేయాలి. పాదం ముందు రెండు మూడు గడ్డి పోచలు అడ్డం రావాలి. ఒంటి బరువు చూసుకోవడం చాలామంది మరిచిపోతారు. బొడ్డు నుంచి నిలువుగా గీత గీస్తే అది రెండు పాదాల మధ్య, లేదా బరువు మోసే పాదం మీద పడాలి. బయట పడితే మనిషి గాల్లో వేలాడుతున్నట్టుంటాడు. నీడ వేసినా మీ బొమ్మ తేలిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

చివరగా గాలి. దూరం పెరిగేకొద్దీ నలుపు ఆకాశపు రంగులోకి జరుగుతుంది. మనిషి నిలబడ్డ దూరంలోనే ఉన్న బండ పగులు మీద ఐడ్రాపర్ (రంగు విలువ చూపే పనిముట్టు) పెట్టండి. అక్కడి అతి ముదురు విలువ 255లో 38 అనుకుందాం (0 అంటే పూర్తి నలుపు). మీ మనిషి జుట్టులో 12 ఉంటే అదే అతుకు. కర్వ్స్‌లో (వెలుగునీడలు సరిచేసే గీత) కింది కొసను ఎత్తి 36, 40 మధ్యకు తీసుకురండి. ఫొటోకంటే రెండర్ పదును ఎక్కువ కనుక మనిషి పొరకు 0.5 నుంచి 0.8 పిక్సెల్ బ్లర్ ఇచ్చి, తర్వాత మొత్తం బొమ్మ మీద ఒకే రవ్వ (ఫొటోల్లో కనిపించే సన్నటి చుక్కల గరుకు) చల్లండి. ఈ వరస తప్పితే రవ్వ కూడా మసకబారి పని మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: రాజు గంభీరంగా కనిపించాలని 1.2 రెట్లు పెంచాను. పక్కన ఆరేళ్ళ పిల్లాడి కోసం అదే బొమ్మను 0.65కి తగ్గించాను. రాజు మామూలుగానే ఉన్నాడు, పిల్లాడు మరుగుజ్జులా ఉన్నాడు.
— నల్లకుంట పాఠకురాలు

జవాబు: మొత్తం బొమ్మను పెంచితే తల కూడా పెరుగుతుంది. చూసేవాళ్ళ కన్ను మనిషి ఎత్తును తలతోనే కొలుస్తుంది. మామూలు మనిషి ఏడున్నర తలల ఎత్తు. రాజుకు తల అలాగే ఉంచి, ఒళ్ళు ఎనిమిది లేదా ఎనిమిదిన్నర తలలకు తీసుకెళ్ళండి, పొడవు ఎక్కువగా కాళ్ళలో రావాలి. మన స్థపతులు తాలమానంలో (విగ్రహాల కొలతల పద్ధతి) చేసిందీ ఇదే. అష్టతాలం మనిషికి, 96 అంగుళాలు. ఉత్తమ దశతాలం పెద్ద దేవుళ్ళకు, 124 అంగుళాలు. అక్కడ తాలం అంటే 12 అంగుళాల ముఖం, పూర్తి తల కాదు. అంగుళం అంటే ఇంచీ కాదు, ఆ ముఖంలో పన్నెండో వంతు. ఈ రెండు లెక్కలూ కలిపేయకండి.

ఆరేళ్ళ పిల్లాడు ఆరు తలలకు మించడు. కనుగుడ్డు అప్పటికే దాదాపు పెద్దవాళ్ళదంత ఉంటుంది, ముఖం చిన్నది, అందుకే పిల్లల కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. దవడ చిన్నది, ముక్కు దూలం పల్లం, మెడ సన్నం, మణికట్టు దగ్గర ఎముక బుడిపె కనిపించదు. పెద్దవాళ్ళ బొమ్మను తగ్గించి పిల్లాణ్ణి చేయడం కుదరదు. వయసు స్లైడర్ నుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: వనదేవతకు గద్వాల చీర కట్టాలని బ్లెండర్ క్లాత్‌తో (బట్ట ఎలా పడుతుందో లెక్కగట్టే సాధనం) వారం రోజులుగా తంటాలు పడుతున్నాను. కుచ్చిళ్ళు పేలిపోతున్నాయి, కట్టిన చోట బట్ట ఒంటికి అంటుకోదు.
— కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: అయిదున్నర మీటర్ల చీరను ఒకే గుడ్డగా చుట్టబెట్టాలని చూడకండి. నడుము దగ్గర ఏడెనిమిది పొరలు ఒకదానికొకటి తగిలి, సిమ్యులేషన్ ఏ పొర లోపలిదో ఏది బయటిదో తేల్చుకోలేక విసిరికొడుతుంది. మూడు ముక్కలు చేయండి. నడుము నుంచి మడమల దాకా లంగాలాంటి గొట్టం ఒకటి. ముందు కుచ్చిళ్ళ విసనకర్ర ఒకటి, ఐదు నుంచి ఏడు మడతలు, ఒక్కోటి 12 సెంటీమీటర్లు, ముందే మడిచి గీసి పైఅంచు పిన్ చేసింది. మూడోది కొంగు, భుజం మీద పిన్ చేయాలి. అతుకులు బొడ్డు దగ్గర, నడుము మడతలో దాగిపోతాయి.

బట్ట ఒంటికి అంటకపోవడానికి కారణం దూరాల లెక్క. క్లాత్‌లో కొలిజన్ దూరం (బట్ట ఒంటికి తగలకుండా ఆగే దూరం) మామూలుగా 0.015 మీటర్లు, ఒంటి కొలిజన్ బయటి మందం 0.02. రెండూ కలిసి చీరను మూడు సెంటీమీటర్ల పైగా ఎడంగా ఉంచుతాయి. రెంటినీ 0.003 దగ్గరికి దించండి. అలా దించితే త్రీడీ బట్టలోని గళ్ళు కూడా సన్నగా, సెంటీమీటరు లోపు ఉండాలి, క్వాలిటీ స్టెప్స్ (లెక్క ఎంత సూక్ష్మంగా చేయాలో చెప్పే విలువ) 5 నుంచి 12 దాకా పెంచాలి, లేకపోతే మోకాలు చీరలోంచి పొడుచుకొస్తుంది. మొదలుపెట్టేముందు కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయడం మరవకండి. మొదటి ఫ్రేమ్‌లో చేతులు ఎడంగా ఉన్న నిలువు భంగిమ, 30వ ఫ్రేమ్‌కు మీకు కావలసిన భంగిమ, 80 దాకా బట్ట సర్దుకోనివ్వడం. మనిషి ఒక్కసారిగా భంగిమ మారిస్తే బట్ట చిక్కుపడుతుంది.

పట్టు కదా అని సిల్క్ ప్రీసెట్ (ముందే సిద్ధంగా ఉన్న విలువల జాబితా) పెట్టారనుకుంటాం. అది 0.15 బరువున్న జారే పట్టు. గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. కాటన్ ప్రీసెట్‌తో మొదలుపెట్టి, అంచును మాత్రం వెర్టెక్స్ గ్రూప్‌గా (బిందువుల గుంపు) తీసి, ప్రాపర్టీ వెయిట్స్‌లో బెండింగ్ (వంగకుండా నిలిచే బిగువు) గ్రూప్‌కు ఇవ్వండి, బెండింగ్ గరిష్ఠ విలువ పెంచండి. అంచు నిటారుగా, ఒళ్ళు మెత్తగా పడుతుంది. అప్పుడే అది గద్వాల అనిపిస్తుంది. మడత ఎక్కడ పుడుతుందో కంటితో నేర్చుకోవాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెక్కా ముందు ఒక గంట నిలబడండి. ముక్కు, గడ్డం, భుజం తగిలేచోట మడత మాయమై, మధ్యలో వేలాడేచోట మళ్ళీ పుడుతుంది. మీ కొంగు కూడా అలాగే పడాలి.

ప్రశ్న: 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ముగ్గురు మనుషుల్ని పెట్టగానే రెండర్ ఆగిపోతోంది. ర్యామ్ పెంచాలా?
— వనస్థలిపురం పాఠకుడు

జవాబు: కంప్యూటర్ సామాన్లు దొరికే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళేముందు లెక్క చూసుకోండి. ర్యామ్ కొన్నంతమాత్రాన కార్డు మెమరీ పెరగదు. 4096 పిక్సెళ్ళ చదరపు టెక్స్చర్ ఒక్కటి విప్పితే 64 ఎంబీ. ముఖం, ఛాతీ, చేతులు, కాళ్ళు, కళ్ళు ఐదు భాగాలు, ఒక్కోదానికి నాలుగు టెక్స్చర్ పటాలు, మొత్తం 20. అంటే ఒక్క మనిషి చర్మానికే 1,280 ఎంబీ. ముగ్గురికి దాదాపు నాలుగు జీబీ. ఇక బట్టలు, జుట్టు, అడవి ఎక్కడ పడతాయి?

ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చూడండి. 3840 పిక్సెళ్ళ వెడల్పు బొమ్మలో, 35 మిల్లీమీటర్ల లెన్సుతో, 5 మీటర్ల దూరంలోని మనిషి దాదాపు 1,270 పిక్సెళ్ళ ఎత్తు, తల 170. అతనికి 2048 టెక్స్చర్ సరిపోతుంది, అది 16 ఎంబీనే. 50 మీటర్ల దూరంలోని మనిషి 127 పిక్సెళ్ళు, తల 17. అతనికి 512 చాలు, చర్మ రంధ్రాలు చూపే పటాలన్నీ తీసేయవచ్చు. సబ్‌డివిజన్ ఒక్కో మెట్టుకు గళ్ళు నాలుగింతలు. 16 వేల గళ్ళ బొమ్మ మూడో మెట్టులో పది లక్షలు దాటుతుంది. దూరపు మనుషులకు సున్నా పెట్టండి.

ప్రశ్న: ఒక సినిమా హీరో ముఖాన్ని కొద్దిగా మార్చి నా యోధుడికి వాడుకుని, ప్రింట్లు అమ్మవచ్చా?
— మెహదీపట్నం పాఠకుడు

జవాబు: వద్దు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు అనిల్ కపూర్ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కొద్దిగా మార్చారా లేదా అన్నది కాదు, చూసినవాళ్ళు గుర్తుపడతారా అన్నదే ప్రశ్న. ఒకరి దవడ, వేరొకరి నుదురు, మూడో మనిషి ముక్కు తీసుకోండి. స్నేహితుల ముఖమైనా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మేక్‌హ్యూమన్ నుంచి బయటికి తీసిన బొమ్మలు సీసీ0 (ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే అనుమతి) కింద వస్తాయి, ఇబ్బంది లేదు. డాజ్ బొమ్మలతో చేసిన చిత్రాలు అమ్ముకోవచ్చు కానీ త్రీడీ ఫైలును అలాగే ఇంకొకరికి ఇవ్వకూడదు.

ప్రశ్న: నా లోకానికి రెండు చందమామలు. రెండు సన్ ల్యాంపులు (బ్లెండర్‌లో సూర్యుడిలాంటి దూరపు దీపాలు) పెడితే మనిషికి రెండు నీడలు పడి గందరగోళంగా ఉంది.
— ఉప్పల్ పాఠకుడు

జవాబు: మీ దగ్గరి స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల కింద ఫీల్డర్‌కు చుట్టూ నీడలు పడతాయి. రెండు వెలుగులూ సమానంగా ఉంటే మీ బొమ్మలోనూ చూసేవాళ్ళకు స్టేడియమే గుర్తొస్తుంది. పెద్ద చందమామకు పూర్తి బలం, రెండోదానికి అందులో నాలుగోవంతు. రెండోది మనిషి వెనకపక్కన ఉండి జుట్టుకు, భుజానికి అంచు గీత మాత్రమే ఇవ్వాలి, దాని నీడ ముందుకు లేతగా పడుతుంది. ల్యాంపులో యాంగిల్ విలువ కూడా మార్చండి. మన చందమామ ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు. మీది పది రెట్లు పెద్దదిగా గీసి ఉంటే 5 డిగ్రీలు పెట్టాలి. అప్పుడు నేలకు మీటరు ఎత్తున ఉన్న చేతి నీడ అంచు దాదాపు 9 సెంటీమీటర్ల మేర మెత్తబడుతుంది, పాదం దగ్గర మాత్రం పదునుగానే ఉంటుంది.